పూత వచ్చిన తేదీ

2023 ఉగాదికి నాకు వేపపువ్వు దొరకలేదు. నిజాంపేటలో మా అపార్ట్‌మెంటు గేటు పక్కన, ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆనుకుని ఒక వేపచెట్టుంది. పొద్దున్నే కర్ర పట్టుకుని వెళ్ళి చూస్తే చిగుళ్ళే తప్ప పువ్వు లేదు. చివరికి యాప్‌లో ఆర్డరిస్తే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఎండిన పువ్వు వచ్చింది. పచ్చడి అయిందనిపించి, ఆ మధ్యాహ్నమే ఫేస్‌బుక్‌లో "వేపపువ్వు లేని ఉగాది" అని ఒక పెద్ద వ్యాసం లాంటిది రాసి పడేశాను. భూతాపం మన షడ్రుచుల్లోంచి చేదుని ఎత్తుకుపోయిందనీ, ఇంతకన్నా చేదు ఇంకేముంటుందనీ ఏదో రాశాను. చాలామంది మెచ్చుకున్నారు. ఒకాయన "కళ్ళు చెమర్చాయి" అన్నాడు.

సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు. ఆయన ఉండేది నూజివీడు దగ్గర పల్లెలో.

"ఏరా, వేపచెట్టు మీద పడ్డావంట," అన్నాడు నవ్వుతూ. "ఉగాది ముందొచ్చిందిరా. చెట్టు దాని టైముకి అది పూసుద్ది."

నాకు కొంచెం చిన్నతనమనిపించింది. సర్దుకుని క్యాలెండర్ తీశాను. ఆ ఏడు ఉగాది మార్చి 22. మరుసటి ఏడు, అంటే 2024లో, ఏప్రిల్ 9. మధ్యలో పద్దెనిమిది రోజుల తేడా. 2024 ఉగాదినాడు కిందికి వెళ్ళి చూస్తే, అదే చెట్టు కింద స్కూటర్ల సీట్లన్నీ రాలిన వేపపువ్వుతో తెల్లగా ఉన్నాయి. భూతాపం ఏడాదిలో తగ్గలేదు కదా! మారింది పండగ.

మన ఉగాది చంద్రుణ్ణి బట్టి వస్తుంది. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే. అందుకని ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ, మరీ జారిపోతోంది అనుకున్నప్పుడు ఒక అధికమాసం వేసుకుని మళ్ళీ ముందుకి గెంతుతుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది, అందుకే తర్వాతి ఉగాది ఏప్రిల్లోకి వెళ్ళింది. చెట్టుకి ఇవేమీ తెలియవు. "మా చిన్నప్పుడు ఉగాదికి చెట్టు నిండా పువ్వుండేది" అని మనం చెప్పుకునే మాటని సాక్ష్యంగా తీసుకోవాలంటే, ముందు ఏ సంవత్సరమో అడగాలి.

ఇంకో జారుడు కూడా ఉంది. మన సంక్రాంతులు నక్షత్రాల లెక్కన నడుస్తాయి, ఎండా చలీ సూర్యుడి అయనాల లెక్కన నడుస్తాయి. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరగడం వల్ల ఈ రెంటికీ దాదాపు 72 ఏళ్ళకి ఒక రోజు చొప్పున ఎడం పెరుగుతోంది. ఆకాశంలో ఉత్తరాయణం డిసెంబర్ 21, 22 తేదీల్లోనే మొదలైపోతుంది, మనం జనవరి మధ్యలో మకర సంక్రాంతి చేసుకుంటాం. ఆ రెండూ ఒకే రోజున పడింది సుమారు పదిహేడు వందల ఏళ్ళ కిందట. అంటే పంచాంగంలోని వసంత రుతువు మనుషులు పెట్రోలు కనిపెట్టకముందు నుంచే కొంచెం కొంచెం తప్పుతూ వస్తోంది.

దానికి తోడు 2021 నుంచీ తెలంగాణలో వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండిపోయే తెగులు ఒకటి వచ్చి, చాలా చెట్లు మాడినట్టు కనిపించాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం పని అన్నారు. మా గేటు దగ్గరి చెట్టుకీ ఆ మచ్చలున్నాయి. నా వ్యాసంలో ఇదీ లేదు, అదీ లేదు.

ఉద్యోగంలో నేను జూనియర్లకి రోజూ చెప్పే మాట ఒకటుంది: లాగ్‌లో టైము తేడాగా కనిపిస్తే ముందు గడియారాన్ని అనుమానించండి, కోడ్‌ని తర్వాత. నేనే అది మర్చిపోయాను. వాతావరణం మారుతోందన్న మాటలో తప్పు లేదు. తప్పు నా సాక్ష్యంలో ఉంది. పుస్తకాల మీద రాసేటప్పుడు కూడా నాకీ జబ్బు ఉందేమో అని అప్పట్నుంచీ అనుమానం. ముందే ఒక తీర్పు పెట్టుకుని, దానికి సరిపోయే వాక్యాల కోసం పేజీలు తిప్పడం.

*

2025 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాన్న మామూలుగా, ఫ్యాను రిపేరు గురించి చెప్పినట్టు చెప్పాడు, తోట తీసేద్దామనుకుంటున్నానని.

మాది ఆరెకరాల మామిడి తోట. సగం చిన్నరసాలు, సగం బంగినపల్లి. తాతయ్య పెట్టింది. ఇప్పుడు అందులో పామాయిల్ వేస్తానంటాడు. మా చుట్టుపక్కల చాలామంది వేశారు. నాలుగో ఏట నుంచి గెలలు కోతకొస్తాయి, ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి, ఫ్యాక్టరీ వాళ్ళు కొనుక్కుంటారు. మామిడికి అలా కాదు. ఏడాదికి ఒక్క కాపు, దాని జాతకమంతా పూతలోనే ఉంటుంది. పూత చూసి వ్యాపారి తోట గుత్తకి తీసుకుంటాడు. పూత సరిగ్గా రాకపోతే బేరమే ఉండదు.

నేను గట్టిగా అడ్డుపడ్డాను. పామాయిల్‌కి నీళ్ళెక్కువ కావాలి, బోరు మీద భారం అన్నాను. ఆ మాట నిజమే. కానీ అసలు కారణం అది కాదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. మామిడి తోట ఉన్న ఇంటి నుంచి వచ్చానని చెప్పుకోవడం నాకిష్టం. ఏటా మే నెలలో రెండు రోజులు వెళ్ళి, చెట్టు కింద కూర్చుని ఫొటో దిగి, రెండు పెట్టెలు కారులో వేసుకొచ్చే కొడుకుని నేను. మందు కొట్టేదీ, కలుపు తీయించేదీ, వ్యాపారి గుమ్మం దగ్గర నిలబడేదీ ఆయన.

"ఊరికే బాధపడతావేంటి? నీకు లెక్కలొచ్చుగా. ఇదిగో, చూసి చెప్పు," అని బీరువాలోంచి ఒక పాత డైరీ తెచ్చి ఇచ్చాడు.

ఎరువుల షాపు వాళ్ళు ఏడాది చివర్లో ఊరికే ఇచ్చే డైరీ అది. ఒక్కో ఏడాదికి ఒకటో రెండో పేజీలు. వరసగా చూస్తే 1994 నుంచి 2024 దాకా. వాతావరణ మార్పు కోసం రాసింది కాదు. ఏ మందు ఎప్పుడు కొట్టాలో మర్చిపోకుండా, వ్యాపారితో మాటొస్తే చూపించడానికి రాసుకున్నది. "తూర్పు పక్క చిన్నరసాలు పూత కనపడింది." "మంచు బాగా ఉంది." "తేనెమంచు పురుగు, మందు ఒక తడవ." "గాలి. పిందె రాలింది." ప్రతి దానికీ పక్కన తేదీ. వర్ణన ఒక్క ముక్క లేదు.

*

తేదీ వేసి రాసిపెట్టిన మాటకి ఉన్న విలువేమిటో నేను మొదట గ్రహించింది జపాన్ వాళ్ళ గురించి చదివినప్పుడు. క్యోటోలో చెర్రీ చెట్లు నిండా పూసిన తేదీలు తొమ్మిదో శతాబ్దం నుంచీ దొరుకుతాయి. యసుయుకి అవోనో అనే శాస్త్రవేత్త చక్రవర్తుల, ఆస్థానోద్యోగుల, సన్యాసుల డైరీలు వెతికి ఆ తేదీలన్నీ ఒక వరసలో పెట్టాడు. ఆ డైరీలు రాసినవాళ్ళలో ఒక్కరికీ ఉష్ణోగ్రత మీద ఆసక్తి లేదు. పూలు పూశాయి, విందు చేసుకున్నాం, పద్యాలు చెప్పుకున్నాం, ఫలానా రోజు. అంతే. పన్నెండు వందల ఏళ్ళ ఆ వరసలో, 2021 నాటికి, అన్నిటికన్నా ముందు వచ్చిన తేదీ ఆ ఏడు మార్చి 26. అంతకుముందు రికార్డు మార్చి 27, ఎప్పుడో 1409లో. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇవే పూలు ఏప్రిల్ మధ్యలో పూసేవి. దీంట్లో కొంత వాటా క్యోటో నగరం పెరిగి వేడెక్కడానిది, మిగతాది మొత్తంగా వేడెక్కుతున్న భూమిది.

ఇంగ్లండ్‌లో నార్ఫోక్ అనే చోట రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736 నుంచీ వసంతం వచ్చిన గుర్తులు రాసుకున్నాడు. ఏ చెట్టు ఎప్పుడు చిగిర్చింది, ఏ పిట్ట ఎప్పుడు కూసింది. ఆయన తర్వాత ఆ కుటుంబం వాళ్ళు 1958 దాకా రాస్తూనే ఉన్నారు. అమెరికాలో థోరో 1850లలో కాంకర్డ్ చుట్టూ తిరిగి ఏ పువ్వు ఏ రోజు విచ్చుకుందో పట్టికలు వేసుకున్నాడు. నూటయాభై ఏళ్ళ తర్వాత బోస్టన్ యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ ప్రిమాక్ ఆ పట్టికలు పట్టుకుని అవే మొక్కల కోసం వెతికితే, చాలా పూలు ఇప్పుడు ముందే పూస్తున్నాయని తేలింది. "వాల్డెన్" ఇష్టంగా చదివిన నాకు, ఆ పుస్తకం పక్కన అలాంటి పట్టికలు ఉన్నాయనే సంగతి అప్పటిదాకా తెలియదు.

మరి మనకి? రుతువర్ణన లేని కావ్యం లేదు మనకి. మావిచిగురు తిని కోయిల పాడుతుందని చెప్పని కవి అరుదు. (కోయిల తినేది ఎక్కువగా పండ్లు. పాడేది మగది, ఆడదాన్ని పిలవడానికి.) ఒకప్పుడు నేను ఒక కవితా సంపుటి మీద రాస్తూ, ఈ కోయిలల్ని ఇంక వదిలెయ్యండి మహాప్రభో అని వెటకారం కూడా చేశాను. ఇప్పుడు ఇంకోలా అనిపిస్తోంది. ఆ వర్ణనల్లో తేదీ లేదు గానీ వరస ఉంది. ముందు చిగురు, తర్వాత పూత, తుమ్మెదలు, కోయిల. ఒకదాని వెనక ఒకటి రావాలన్న నమ్మకం ఉంది. అయితే దాన్ని నాన్న డైరీలాగా వాడుకోలేం. కవి చాలాసార్లు తన పెరట్లోకి చూసి కాక, తనకన్నా ముందు కవిని చూసి రాశాడు.

*

ఆ వరస చెడితే ఏమవుతుందో చెప్పే కథ ఒకటుంది. పైడ్ ఫ్లైక్యాచర్ అని ఒక పిట్ట. పన్నెండు, పదమూడు గ్రాములుంటుంది. చలికాలం పశ్చిమాఫ్రికాలో గడిపి, వసంతానికి యూరప్ అడవులకొచ్చి గుడ్లు పెడుతుంది. ఓక్ చెట్ల లేతాకులు తినే గొంగళి పురుగులు దాని పిల్లలకి ముఖ్యమైన మేత. ఆ పురుగులు విరివిగా ఉండేది కొద్ది వారాలే. వసంతం ముందుగా వేడెక్కేసరికి ఆకులు ముందొచ్చాయి, పురుగులూ ముందొచ్చాయి. పిట్ట మాత్రం ఆఫ్రికాలో ఉంది. అక్కడున్నదానికి నెదర్లాండ్స్‌లో ఎండ ముందొచ్చిందని ఎవరు చెప్తారు? అది బయల్దేరేది పగటి పొడవునీ, తన లోపలి గడియారాన్నీ నమ్ముకుని. అవి మారలేదు. అది తన టైముకే వచ్చింది. వచ్చాక కంగారుగా గుడ్లు కొంచెం ముందు పెట్టింది గానీ, చాలలేదు. క్రిస్టియాన్ బోత్, మార్సెల్ విసర్, వాళ్ళ సహచరులు 2006లో ప్రచురించిన పరిశోధనలో, పురుగుల కాలం మరీ ముందుకి జరిగిన అడవుల్లో ఈ పిట్టలు రెండు దశాబ్దాల్లో 90 శాతం దాకా తగ్గిపోయాయని చూపించారు.

మా భాషలో చెప్పాలంటే, ఒకటి క్రాన్ జాబ్, ఇంకోటి ఈవెంట్ వస్తే నడిచేది. క్రాన్ జాబ్ గడియారం చూసుకుని నడుస్తుంది. రెండోది సంకేతం అందగానే నడుస్తుంది. రెండూ ఒకే సమయానికి పూర్తవుతున్నాయి కాబట్టి, వాటి మధ్య సంబంధాన్ని ఎవరూ ఎక్కడా రాసిపెట్టరు. ఏళ్ళ తరబడి బాగానే నడుస్తుంది. ఒకరోజు ఒకటి ముందైపోతుంది. చూస్తే ఏ ప్రోగ్రాంలోనూ తప్పుండదు. పిట్ట ఏ తప్పూ చెయ్యలేదు, చెట్టూ చెయ్యలేదు. ఇలాంటి బగ్గులు రాత్రిపూట నన్ను చాలాసార్లు నిద్ర లేపాయి గానీ, నాకు పోయింది నిద్రొక్కటే.

మన కోయిలకీ ఇలాంటి ముడి ఒకటుంది. అది గూడు కట్టుకోదు, కాకి గూట్లో గుడ్లు పెడుతుంది. దాని వసంతం మావిచిగురు మీద కన్నా కాకి గూడు కట్టే రోజుల మీద ఎక్కువ ఆధారపడి ఉంది.

*

డైరీలోని తేదీలన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించాను. మొదటి గ్రాఫు పిచ్చిగా వచ్చింది. మా వైపు పూత డిసెంబరు చివర, జనవరిలో మొదలవుతుంది కాబట్టి, ఏడాదిలో ఎన్నో రోజు అని లెక్కపెడితే డిసెంబర్ 28 అంటే 362, జనవరి 4 అంటే 4. వారం తేడా కాస్తా ఏడాదైపోయింది. నవంబర్ 1 నుంచి లెక్కపెట్టి మళ్ళీ గీశాను.

ముప్ఫై ఒక్క కాపుల్లో ఇరవై నాలుగింటికే తేదీలున్నాయి. మూడేళ్ళవి చెదలు తినేసింది. మిగతా నాలుగేళ్ళ పేజీల్లో అసలేమీ రాసి లేదు. 2008 చివర నుంచి 2012 దాకా.

"అప్పుడేమైంది నాన్నా?" అని ఫోన్ చేసి అడిగాను.

"అప్పుడు తోట మన చేతిలో లేదుగా. నాలుగేళ్ళకి కలిపి గుత్తకిచ్చేశాం, డబ్బు ముందే తీసుకుని."

నేనింకేమీ అడగలేదు. అవి నా ఇంజనీరింగు నాలుగేళ్ళు. ఫీజు ఎక్కణ్ణుంచి వచ్చిందో నేనప్పుడు అడగలేదు. నా డేటాలో ఖాళీ నా డిగ్రీయే.

ఇరవై నాలుగు చుక్కల మధ్యలోంచి గీత గీస్తే అది కొంచెం పైకి, అంటే పూత ఆలస్యం వైపు వాలింది. క్యోటోలో వేడెక్కితే పూలు ముందొచ్చాయి కదా, ఇదేమిటి అనుకున్నాను. కానీ మామిడి చెర్రీ కాదు. మామిడికి పూత రావాలంటే వానాకాలం తర్వాత కొన్నాళ్ళు కొమ్మలు కదలకుండా ఉండాలి, నేల ఆరాలి, రాత్రిళ్ళు చల్లబడాలి. ఆ చలే దానికి సంకేతం. చలి సరిగ్గా పడకపోతేనో, నవంబరు, డిసెంబరుల్లో తుఫాను వానలు పడితేనో, పూమొగ్గ కావాల్సింది ఆకు చిగురై కూర్చుంటుంది. వేడి అన్ని చెట్లనీ ముందుకి తోయదు. కొన్నిటిని తోస్తుంది, కొన్నిటిని ఆపుతుంది. అందువల్లే వరసలు చెడతాయి.

కానీ ఏవో రెండేళ్ళని తీసేసి చూస్తే ఆ గీత అడ్డంగా పడుకుంది. ఇంకో రెండేళ్ళని తీస్తే కిందికి వాలింది. దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. ఏ పరీక్ష పెట్టినా అదే మాట. వేపచెట్టు వ్యాసం రాసిన మనిషినైతే ఆ మొదటి గీతని ఫొటో తీసి పెట్టేవాణ్ణి.

డైరీలో ఇంకొకటి ఉంది, అది గ్రాఫులో పట్టలేదు. తొంభైల్లో ఏడాదికి పూత గురించి ఒకే మాట: "పూత వచ్చింది." చివరి పదేళ్ళలో చాలాసార్లు ఒకే ఏడాదిలో "మొదటి పూత", "మళ్ళీ చిగురు వేసింది", "రెండో పూత". ఒక ఏడాది "మూడో పూత, పడమర పక్క మాత్రమే" అని కూడా ఉంది. ఒకే చెట్టు మీద పిందె ఒక కొమ్మకి, పూత ఒక కొమ్మకి, చిగురు ఇంకో కొమ్మకి. ఏ మందు ఎప్పుడు కొట్టాలి? వ్యాపారి ఏం చూసి ధర కట్టాలి? నాన్నకి తేదీ మారడం కష్టం కాదు. తేదీ లేకపోవడం కష్టం.

ఇది కూడా పూర్తి సాక్ష్యం కాదు. చెట్లు ముసలివయ్యాయి. మందులు మారాయి. బంగినపల్లి ఒక ఏడు కాసి ఒక ఏడు అలగడం పాత సంగతే. పైగా మనిషి పెద్దవాడయ్యేకొద్దీ ఎక్కువ గమనిస్తాడేమో, ఎక్కువ రాస్తాడేమో. ఇవన్నీ చెప్పి, "తోట ఉంచాలో తియ్యాలో దీన్ని బట్టి నేను చెప్పలేను నాన్నా" అన్నాను.

"అది నాకు తెలుసులేరా," అన్నాడు. "చూశావుగా, చాలు."

ఆ వేసవి కాపు అయ్యాక బంగినపల్లి ఉన్న మూడెకరాలూ తీయించాడు. నేను వెళ్ళలేదు. రిలీజ్ ఉందని చెప్పాను, ఉంది కూడా. కానీ సెలవు పెడితే ఇచ్చేవాళ్ళే. చిన్నరసాలు ఉంచాడు. ఎందుకని అడిగితే, మీ అమ్మ పచ్చళ్ళకి, నీ ఫొటోలకి అన్నాడు.

*

మన దేశంలో సీజన్‌వాచ్ అని ఒక ప్రయత్నం నడుస్తోంది. ఎవరైనా ఒక చెట్టుని ఎంచుకుని, వారానికోసారి చూసి, చిగురుందా, మొగ్గుందా, పువ్వుందా, కాయుందా అని నమోదు చెయ్యొచ్చు. ఎక్కువ వివరాలు కేరళ నుంచే వస్తాయి, అక్కడ బడిపిల్లలు రాస్తారు కాబట్టి. మా గేటు దగ్గరి వేపచెట్టుని నేను నమోదు చేశాను. ప్రతి ఆదివారం పాల ప్యాకెట్టుకి వెళ్తూ చూస్తాను. చాలా వారాలు రాయడానికి ఏమీ ఉండదు. "మార్పు లేదు" అని పెట్టి వస్తాను. నేను ఇప్పటిదాకా రాసినవాటిలో విశేషణం లేనిది ఇదొక్కటే.

ఈ ఏడు, 2026లో, ఉగాది మార్చి 19. 2023 కన్నా మూడు రోజులు ముందే. మా చెట్టుకి అప్పటికి పువ్వు ఉంటుందో ఉండదో. లేకపోతే వ్యాసం రాయనని నాన్నకి మాటిచ్చాను.

మొన్న డిసెంబరు చివర్లో ఊరెళ్ళాను. పొద్దున్నే తోటలో తిరుగుతుంటే, తూర్పు పక్క చిన్నరసం చెట్టుకి కొమ్మల చివర మొగ్గలు ఉబ్బి, ఎర్రెర్రగా కనిపించాయి. ఇంటికి పరిగెత్తినట్టే వచ్చి, డైరీ తీసి, నా చేత్తో మొదటిసారి "పూత కనపడింది" అని రాసి తేదీ వేశాను.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని చదివి, లేచి తోటలోకి వెళ్ళి చూసొచ్చాడు.

"పూత కాదురా అది, చిగురు. ఇంకో పది రోజులాగి చూడు," అని పెన్ను తీసుకుని దాన్ని కొట్టేశాడు.